పగిలిన కుండ మళ్లీ అదే కుండేనా?

1900 సెప్టెంబరు 9న ఇటలీలోని ఫ్లోరెన్స్ పురావస్తు ప్రదర్శనశాలలో ఒక కాపలాదారు చెక్కపీట ఎత్తి అద్దాల పెట్టె మీదికి విసిరాడు. పెట్టెలో ఉన్నది ‘ఫ్రాన్స్వా కుండ’. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఎర్గోటిమోస్ అనే కుమ్మరి సారె మీద తీసి, క్లైటియాస్ అనే చిత్రకారుడు బొమ్మలు వేసిన పెద్ద బాన అది. విందుల్లో ద్రాక్షసారాలో నీళ్లు కలపడానికి గ్రీకులు ఇలాంటి పాత్రలు వాడేవారు. ఎత్తు 66 సెంటీమీటర్లు. ఒళ్లంతా వరసలు వరసలుగా 270 దాకా బొమ్మలు, అవి ఎవరివో చెప్పే రాతలు వందకు పైగా. పీట దెబ్బకు అది 638 ముక్కలైంది.

నిజానికి అప్పటికే అది అతుకుల కుండ. 1844లో అలెస్సాండ్రో ఫ్రాన్స్వా కియూసి దగ్గరి ఎట్రుస్కన్ సమాధిలో దాన్ని కనుక్కున్నప్పుడే పెంకులు చెల్లాచెదురుగా దొరికాయి. మరుసటి ఏడు ఇంకొన్ని దొరికాయి. వాటిని కూర్చి నిలబెట్టిన కుండే 1900లో మళ్లీ పగిలింది. పియెత్రో జేయి అనే పునరుద్ధరణకారుడు 1902లో దాన్ని మళ్లీ కూర్చాడు. 1973లో మరోసారి విప్పి, అంతకుముందు చేరని భాగాలను కూడా కలిపి అతికారు. కుండ మీద మాత్రం ఎర్గోటిమోస్ తనను చేశాడని, క్లైటియాస్ తనకు బొమ్మలు వేశాడని కుండే చెప్పుకుంటున్నట్టు రాసి ఉంది. ఇన్నిసార్లు పగిలి అతికిన తర్వాత ఆ మాట చెబుతున్నది ఎవరు? ఎర్గోటిమోస్ చేసిన కుండా, జేయి కూర్చిన కుండా?

ఈ ప్రశ్న వేయడానికి ఈ కుండకంటే తగిన పాత్ర దొరకదు. దాని మూతి చుట్టూ ఉన్న పట్టీలో ఒకవైపు గ్రీకు పురాణ వీరుడు థీసియస్, అతనితో వచ్చిన ఏథెన్స్ యువతీయువకులు చేతులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. పక్కనే వాళ్ల ఓడ. ఓడలోని వాళ్లు సంతోషంతో చేతులెత్తుతున్నారు. ఒకడు ఆగలేక నీళ్లలోకి దూకి ఒడ్డుకు ఈదుతున్నాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన థీసియస్ చరిత్రలో ఉన్నది ఈ ఓడే. ముప్పై తెడ్ల ఆ ఓడను ఏథెన్స్ ప్రజలు తరాల తరబడి కాపాడుకున్నారని, పుచ్చిన చెక్క తీసి గట్టి చెక్క వేస్తూ వచ్చారని, అది పాత ఓడేనా కాదా అని తత్త్వవేత్తలు రెండుగా చీలి వాదించుకున్నారని ఆయన చెబుతాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన థామస్ హాబ్స్ ముడిని ఇంకా బిగించాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఎవరో దాచి, అదే వరసలో మళ్లీ ఓడ కడితే రెంటిలో ఏది థీసియస్ ఓడ అని అడిగాడు.

తత్త్వవేత్తల సంగతి అలా ఉంటే, ఏథెన్స్ ధర్మానికి ఈ సందేహమే లేదు. అపోలో దేవుడికి మొక్కుగా ఏటా డెలోస్ దీవికి ఒక ఓడ వెళ్లేది. థీసియస్ ప్రయాణించిన ఓడ అదేనని ఊరంతా నమ్మేది. అది వెళ్లి తిరిగొచ్చేదాకా నగరం మైలపడకూడదని మరణశిక్షలు ఆపేవారు. క్రీ.పూ. 399లో సోక్రటీసుకు విషం ఇవ్వడం ఆలస్యమైంది ఈ ఓడ కోసమే. ఎన్ని చెక్కలు మారినా మొక్కు మారలేదు కాబట్టి భక్తులకు అది అదే ఓడ.

మన తార్కికులకు కుండ కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ న్యాయశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి చేతికి ఇప్పటికీ వచ్చే పుస్తకం. నైయాయికుల లెక్కలో కుండ అంటే పెంకుల కుప్ప కాదు. పెంకులు అవయవాలు, వాటి కలయిక వల్ల పుట్టిన అవయవి కుండ. కలయిక చెడితే ఆ అవయవి నశించినట్టే. ఆ నాశాన్ని ప్రధ్వంసాభావం అంటారు. దానికి మొదలు ఉంది, చివర లేదు. అంటే పగలడం ఒకసారి జరిగితే దాన్ని జరగలేదని అనిపించడం ఎవరి తరమూ కాదు. అవే పెంకుల్ని కూర్చి నిలబెడితే ఇంకో అవయవి పుడుతుంది, పోయినది మాత్రం తిరిగి రాదు.

బౌద్ధులు దీన్ని ఒప్పుకోరు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మెనాండర్‌కు, నాగసేనుడనే భిక్షువుకు జరిగిన సంవాదంగా ‘మిలింద పన్హ’ మనకు మిగిలింది. అందులో భిక్షువు రాజును ఆయన ఎక్కి వచ్చిన రథం గురించే అడుగుతాడు. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా అని. ఏదీ కాదు. అన్నీ ఉన్నచోట వ్యవహారం కోసం వాడుకునే పేరే రథం. ఈ లెక్కన ఫ్లోరెన్స్‌లో నశించిందీ లేదు, కొత్తగా పుట్టిందీ లేదు.

ఈ వాదాల్లో ఏది సరైనదో పుస్తకంలో తేలకపోవచ్చు. కానీ కుండలు అతికే బల్ల దగ్గర అది చేతిపనిగా మారుతుంది, అక్కడ ఏదో ఒక పక్షం తీసుకోక తప్పదు.

పని నేర్చుకునేవారికి తరచుగా మొదట ఇచ్చేది పురాతన పాత్ర కాదు, కావాలని పగలగొట్టిన మామూలు కుండ. పెంకులన్నీ బల్ల మీద పరిచి మందం, వంపు, రంగు చూసి వేరు చేయాలి. లోపలివైపు సారె తిరిగినప్పుడు పడిన సన్నని గీతలు ఉంటాయి. ఏ పెంకు ఏ వంక ఉండాలో చెప్పేవి అవే. అంచులు మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి తప్ప గీకకూడదు. గీకితే అంచు అరిగి, ఇక ఏ ముక్కతోనూ సరిగా కలవదు. జిగురు పూయకముందే మొత్తం ఒకసారి పొడిగా కూర్చి చూడాలి. రెండు అంచులు సరిగ్గా కలిస్తే అతుకు మీద గోరు నడిపినప్పుడు ఎక్కడా తట్టదు. ఎక్కువమంది వాడే జిగురు పారాలాయిడ్ బి-72, అసిటోన్‌లో కరిగే ఒక ఆక్రిలిక్ పదార్థం. అతికిన ముక్కల్ని ఇసుక పళ్లెంలో గుచ్చి, పై ముక్క బరువు నేరుగా అతుకు మీద పడేలా నిలబెట్టి ఆరనిస్తారు. అడుగున వెంట్రుకవాసి తేడా వస్తే అంచుదాకా వెళ్లేసరికి అది పెరిగి, చివరి పెంకు దాని చోట్లో పట్టదు. అప్పుడు అసిటోన్‌తో అతుకులు విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. అలా విప్పడానికి వీలుంటుందనే ఈ జిగురును ఎంచుకుంటారు.

అతకడం కంటే ముందు వచ్చేది రాయడం. ప్రతి పెంకుకూ ఫొటో, కొలత, ఉన్న స్థితి నమోదు చేస్తారు. పాత మరమ్మతులు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి అతినీలలోహిత కాంతిలో చూస్తారు. వెనకటి తరం వాడిన లక్క జిగురు ఆ వెలుగులో నారింజరంగులో మెరిసి బయటపడుతుంది. తర్వాత చిత్రం గీయాలి. నడుమ నిలువుగీత, ఒకవైపు కుండ గోడను కోసినట్టు చూపే ఆకారం, రెండోవైపు బయటి రూపం. దొరికిన భాగానికి నిండు గీత, ఊహించిన భాగానికి చుక్కల గీత. ఈ రెంటినీ కలపకుండా ఉండడమే ఈ చదువులో అన్నిటికంటే కష్టమైన పాఠం. కన్ను ఖాళీని ఓర్చుకోలేదు, చేయి దాన్ని పూరించాలని తహతహలాడుతుంది.

పూరిస్తే ఏమవుతుందో 19వ శతాబ్దం చూపించింది. నేపుల్స్‌లో రఫాయెలె గార్జులో అనే పనివాడు దక్షిణ ఇటలీ సమాధుల్లో దొరికిన కుండల్ని వందల పెంకుల నుంచి కూర్చేవాడు. లేని చోట మట్టి పెట్టి, బొమ్మ గీసి, అతుకు కనబడకుండా రంగు వేసేవాడు. ఏది ప్రాచీనమో, ఏది ఆయన చేతిపనో నిపుణులకే అంతుబట్టేది కాదు. ఆ నైపుణ్యం ఆ కాలంలోనే భయం పుట్టించింది.

భయం ఎందుకో జాన్ బీజ్లీ పని చూస్తే అర్థమవుతుంది. 1885లో పుట్టిన ఈ ఆక్స్‌ఫర్డ్ పండితుడు పేరు రాయని గ్రీకు కుండల చిత్రకారుల్ని వాళ్లు చెవి గీసిన తీరును బట్టి, చీలమండ ఒంపును బట్టి, మెడ కింది ఎముక గీతను బట్టి గుర్తుపట్టాడు. కుంచె పట్టిన ఏ ఇద్దరూ చెవిని ఒకేలా తిప్పరని ఆయన చూపించాడు. మరి పునరుద్ధరణకారుడు పోయిన చెవిని అందంగా గీసి పెడితే? 2,500 ఏళ్ల కిందటి మనిషి తరఫున దొంగసాక్ష్యం పుట్టించినట్టే. చూడముచ్చటగా ఉందని దాన్ని మన్నించలేం.

రోమ్‌లో 1939లో మొదలైన పునరుద్ధరణ కేంద్ర సంస్థకు తొలి సారథి చెజారె బ్రాండి ఈ విషయాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆయన గ్రంథం 1963లో వచ్చింది. మరుసటి ఏడు పురాతన కట్టడాల పరిరక్షణకు నియమాలు చెప్పిన వెనిస్ పత్రం అదే దారిలో నడిచింది. ఊహ మొదలయ్యే చోట చేయి ఆగాలి. కొత్తగా చేర్చింది మొత్తంతో పొసగాలి, కానీ పాతదని భ్రమ కలిగించకూడదు. అందుకే ఇప్పుడు ఖాళీలో నింపిన ప్లాస్టర్‌కు అసలు రంగు కంటే ఒక పిసరు తేడాగా రంగు వేస్తారు. దూరం నుంచి కుండ ఒక్కటిగా కనబడుతుంది, దగ్గరికి వస్తే పగిలిన సంగతి తెలుస్తుంది. నైయాయికుడి మాట ఇక్కడ నెగ్గింది. నాశానికి చివర లేదని ఒప్పుకుని, దాన్ని దాచకుండా కొత్త అవయవిని కట్టడమే ఈ పద్ధతి. ఏథెన్స్ భక్తుల మాటా పూర్తిగా ఓడలేదు. చెక్కలు మారినా మొక్కు సాగినట్టే, చేతులు మారినా కుండ విషయంలో నిజం చెప్పాలన్న పట్టు సాగుతోంది.

అతుకు ఎంత బాగా కుదిరినా తిరిగిరానివీ ఉన్నాయి. యూఫ్రోనియోస్ బొమ్మలు వేసిన సార్పెడాన్ బానను 1971లో దొంగలు చెర్వెతెరి దగ్గరి సమాధి నుంచి తవ్వి తీశారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో దాన్ని పది లక్షల డాలర్లకు కొన్నది. 2008లో ఇటలీకి తిరిగిచ్చింది. బొమ్మలో నిద్ర, మరణం అనే దేవతలిద్దరూ చనిపోయిన వీరుడు సార్పెడాన్‌ను ఎత్తుతుంటారు. దేహానికి సొంత గడ్డ మీద అంత్యక్రియలు జరగాలన్నది ఆ కథ. ఆ బానను తన వెంట ఉంచుకున్న మనిషి ఎవరో, పక్కన ఇంకేం పెట్టారో, ఎటు తిప్పి ఉంచారో ఎవరూ రాసుకోలేదు. చనిపోయినవారికి సమర్పించిన వస్తువును బయటికి తీసే హక్కు ఎవరికైనా ఉందా అన్నది గట్టి ప్రశ్నే. తీయక తప్పనప్పుడు, కనీసం ఎవరి దగ్గర తీశామో రాయకుండా తీయడం ఆ మృతుణ్ని రెండోసారి అనామకుణ్ని చేయడమే.

గార్జులో కూర్చిన కుండల్లో 13 ఇప్పుడు బెర్లిన్ ప్రదర్శనశాలవి. వాటి మీద కాలిఫోర్నియాలోని గెట్టీ సంస్థ, బెర్లిన్ నిపుణులు ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు, 2014లో ప్రదర్శన పెట్టారు. ఆయన వేసిన రంగునంతా చెరిపేయాలా? రెండు వందల ఏళ్ల కిందటి ఆ పని కూడా ఇప్పుడు చరిత్రే, పైగా దానికి గుర్తుగా మిగిలినవాటిలో ఈ కుండలూ ఉన్నాయి. వాళ్లు దాన్ని మొత్తం తుడిచిపెట్టలేదు. ఏది ప్రాచీనమో, ఏది నేపుల్స్‌లో చేరిందో విడదీసి నమోదు చేసి, ఏ కుండకు ఆ కుండగా నిర్ణయం తీసుకున్నారు. ఈ తరం అతుకుల్నీ ఎప్పుడో ఒకరు విప్పాల్సి వస్తుంది. ఏ జిగురు వాడామో, ఎంత పల్చగా కలిపామో, ఏ పెంకు దగ్గర అనుమానం మిగిలిందో విద్యార్థుల చేత ఇప్పుడు వివరంగా రాయిస్తున్నది ఆ వచ్చే చేతి కోసమే.