పుట్టుమచ్చయు, భక్తుని భయమును

అరికాలి నల్లమచ్చ పెరుగుచున్నది, ఆలస్యము చేయక కర్నూలు సర్వజన వైద్యశాలకు పొమ్మని ఊరి వైద్యుడు చీటి వ్రాసియిచ్చినపుడు భయపడుట భక్తిలోపమా? కాదు. దేహమునే దేవాలయముగ నెంచు మతమున దేహమునకై వెరచుట సహజము.

మెలనోమా యను చర్మపు కాన్సరు మనవారికి తరచుగా అరికాలిలోనే కనబడును. చేలలో చెప్పులు లేక తిరుగువారు దానిని ముల్లు గ్రుచ్చిన మచ్చయని ఉపేక్షింతురు. అయినను నల్లమచ్చలన్నియు అది కావు. ముక్క తీసి పరీక్షించినగాని వైద్యునికిని నిశ్చయము కలుగదు.

శుభాశుభ దినములను లెక్కింపని బసవేశ్వరుని అనుయాయులము గనుక పుట్టుమచ్చల శాస్త్రమును చూచి నవ్వుదుము. (నవ్వువారి యిండ్లలోను పంచాంగములు లేకపోలేదు!) పరీక్షకు ముందే మచ్చలో మృత్యువును చదువుటయు ఆ శాస్త్రమే గదా!

ఫలితము వచ్చువరకు కాయకము మానవలదు. కరస్థలమున ఇష్టలింగమునుంచి చూపు నిలుపునపుడు భయము వచ్చిన రానిండు. ఇంటివారికి దాచక చెప్పుడు. చీటిని మాత్రము గూటిలో పెట్టక, రేపటి తొలి బస్సుకే బయలుదేరుడు.