ముద్ద నోటిదాకా వచ్చాక

ఇథియోపియాకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లినవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. హైలె సెలాసీ చక్రవర్తి కాలం నుంచే భారతీయ టీచర్లు అక్కడి బడుల్లో ఉన్నారు. ఈ శతాబ్దం మొదట్లో కొత్త యూనివర్సిటీలు వరసగా తెరిచినప్పుడు తెలుగు జిల్లాల నుంచి లెక్చరర్లు చాలామందే విమానం ఎక్కారు.

చిన్నాచితకా అపార్థాలు అక్కడ మాటతోనే తీరిపోతాయి. క్లాసు మూడింటికని కుర్రాడు చెబితే అది పొద్దున తొమ్మిది. వాళ్ల గడియారం తెల్లవారినప్పటి నుంచి లెక్క. మన ఏడు వాళ్లకు ఒంటిగంట. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కగట్టే పంచాంగం ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు ఇది వింతగా తోచడమే వింత. పాఠం మధ్యలో పిల్లలు చటుక్కున గాలి లోపలికి పీలుస్తారు. ఉలిక్కిపడ్డారేమో అనుకుంటాం, అది ఊకొట్టడం. మనం తల అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్లకూ అంతుపట్టదు. ఇలాంటివి ఒక కాఫీతో సరి. అక్కడ కాఫీ అంటే పచ్చి గింజలు కళ్లముందే వేయించి, దంచి, కాచి, మూడు విడతలుగా పోసే తతంగం కనుక మాటలకు తీరిక బోలెడు.

అసలు చిక్కు భోజనం దగ్గర వస్తుంది. ఇంజెరా అని, టెఫ్ అనే అక్కడి ధాన్యం పిండి పులియబెట్టి పోసిన పెద్ద అట్టు, ఒళ్లంతా చిల్లులు. కూరలు దాని మీదే వడ్డిస్తారు. చేతులు కడుక్కుని అందరూ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు. ఉన్నట్టుండి పక్కనున్న విద్యార్థి ఒక ముక్క తుంచి, కూర చుట్టి, తన చేత్తోనే టీచరు నోటికి అందిస్తాడు. దాన్ని గుర్షా అంటారు. ప్రేమా గౌరవమూ కలిపి పెట్టే ముద్ద. మనవాడి మెడ ఒక్క అంగుళం వెనక్కి పోతుంది.

మేమంటే మీకు అసహ్యమా అని ఆ కుర్రాడు అడిగాడనుకుందాం. అబ్బే, మా దగ్గర ఎంగిలి పట్టింపు, అంతే అంటాం. ఎందుకు? శుభ్రం కోసం. చేతులు కడుక్కున్నానుగా? ఇక్కడ ఆగిపోతాం. ఇంకొక్క ఎందుకుకి జవాబు చెప్పాలంటే ఎవరి చేతి నీళ్లు ఎవరు ముట్టేవారు కాదో, ఎవరిని పంక్తిలోంచి లేపేశారో చెప్పాలి. మాట్లాడుకుంటే అపార్థాలు తొలగిపోతాయంటారు. బాగానే ఉంది. కానీ ఆ కుర్రాడు పొరబడ్డాడా? ఆ మెడ కదలికను అతను చదివిన తీరులో తప్పెంత? ఎదుటివాడు మనల్ని సరిగ్గానే అర్థం చేసుకున్న సందర్భాలకు కూడా మనం అపార్థమనే పేరు పెట్టేస్తున్నామేమో.

పైగా ఈ సంభాషణంతా ఇంగ్లీషులో, అంటే మార్కులు వేసేవాడికి పట్టున్న భాషలో. అమ్హారిక్‌లోనో ఒరోమోలోనో అయితే ఆ కుర్రాడు నిలదీసేవాడే. ఇంగ్లీషులో అతని దగ్గరున్న వాక్యాలు కొన్నే. అతను ఊరుకుంటే సమాధానపడ్డాడని మనం అనుకుంటాం. మాట అందక ఊరుకున్నాడేమో ఎవరు చూడొచ్చారు?

నిజానికి అతని దగ్గరా చెప్పుకోలేని కథ ఉండొచ్చు. ఆ దేశంలోనూ కమ్మరి, కుమ్మరి, తోలుపని చేసేవాళ్లను చాలాచోట్ల తక్కువగా చూశారు. కఫా ప్రాంతంలో మాంజోలనే సమూహంతో మిగతావాళ్లు కలిసి తినేవారు కాదు. అందరూ చేయిపెట్టే ఆ పళ్లెంలో అందరూ లేరన్నమాట. ఇద్దరూ తమ తమ ఇళ్ల సంగతి విప్పితే అది గొప్ప సంస్కృతుల పరిచయంలా ఉండదు. ఒకే జబ్బున్న ఇద్దరు ఆస్పత్రి బెంచీ మీద మాట్లాడుకున్నట్టు ఉంటుంది. నాకైతే అదే అసలు సంభాషణ అనిపిస్తుంది. కానీ ముందు ఎవరు మొదలుపెట్టాలి? జీతం, కుర్చీ, భాష తన వైపున్న టీచరే కదా?

చాలామంది అంతదూరం పోరు. రెండోసారి ముద్ద వచ్చినప్పుడు నోరు తెరిచి తినేస్తారు, అందరూ నవ్వుతారు, సంగతి అక్కడితో సరి. తినడం మంచిదే. మరి సెలవులకు ఊరొచ్చినప్పుడు, దళితవాడలో పుట్టిన పాత విద్యార్థి ఒకడు అన్నం కలిపి అంతే ప్రేమగా నోటికి అందిస్తే, ఆ మెడ ఎటు పోతుంది?