పాలూ ఆపిల్ పండ్లూ

ఓడిపోయిన నాయకుడి మీద మనకు జాలి. ఆ జాలి మెల్లగా నమ్మకంగా మారుతుంది. ఇతనే గెలిచి ఉంటేనా, అనుకుంటాం. జార్జ్ ఆర్వెల్ 1945లో ప్రచురించిన ‘యానిమల్ ఫామ్’ చదివినప్పుడల్లా స్నోబాల్ విషయంలో నాకు ఇదే జరుగుతుంది.

మనుషుల్ని తరిమేసి పొలాన్ని దక్కించుకున్న జంతువులకు నాయకులు స్నోబాల్, నెపోలియన్ అనే రెండు పందులు. స్నోబాల్ మాటకారి. జూలియస్ సీజర్ దండయాత్రల పుస్తకం చదివి మరీ పోరాటం నడుపుతాడు, వీపు మీద గాయం తగిలినా ఆగడు. కోళ్లకో కమిటీ, ఆవుల తోకల శుభ్రతకో సంఘం పెడతాడు. అవి మూలపడతాయి, అది వేరే సంగతి. గాలిమర కట్టి కరెంటు తెచ్చుకుంటే వారానికి మూడు రోజులే పని అంటాడు. నెపోలియన్ పెద్దగా మాట్లాడడు. పాలు మరిచిన తొమ్మిది కుక్కపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయి అటక మీద పెంచుతాడు. కొన్నాళ్లకు పొలమంతా వాటిని మరిచిపోతుంది. ఇన్ని కమిటీలు వేసిన స్నోబాల్‌కు కూడా వాటి ఊసు పట్టదు. ఉపన్యాసంతో సభను గెలవగలననుకున్నవాడికి అటక మీద ఏముందో చూడాలని తోచదు. గాలిమర మీద ఓటింగ్ జరగాల్సిన రోజు, పెరిగి పెద్దవైన ఆ కుక్కలే అతన్ని పొలం నుంచి తరిమేస్తాయి. రష్యా విప్లవంలో స్నోబాల్‌కు మూలం ట్రాట్‌స్కీ, నెపోలియన్‌కు స్టాలిన్. ట్రాట్‌స్కీ ఎర్రసైన్యాన్ని నిర్మించాడు, గొప్ప వక్త. 1922లో పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన స్టాలిన్ నియామకాలు చూసుకుంటూ కూర్చున్నాడు. 1929 నాటికి ట్రాట్‌స్కీ దేశం వెలుపల ఉన్నాడు.

అయితే నన్ను వెంటాడేది ఆ కుక్కలు కాదు. స్నోబాల్, నెపోలియన్‌లలో ఒకడు బార్లీ వేద్దామంటే రెండోవాడు ఓట్స్ అంటాడు. ప్రతిదానికీ తగువే. పాలూ, రాలిన ఆపిల్ పండ్లూ పందులకే చెందాలన్న చోట మాత్రం ఇద్దరిదీ ఒకే మాట! కథకు అసలు మలుపు అదేనని ఆర్వెల్ 1946లో అమెరికన్ విమర్శకుడు డ్వైట్ మెక్‌డోనల్డ్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు, పక్కనే రష్యా నావికా స్థావరం క్రోన్‌స్టాట్ పేరు కూడా రాశాడు. 1921లో అక్కడ స్వేచ్ఛగా సోవియట్ ఎన్నికలు జరపాలని అడిగిన నావికుల్ని అణచినప్పుడు యుద్ధ కమిసార్ ట్రాట్‌స్కీయే.

అలాగని ఇద్దరూ ఒకటేనంటే నేనొప్పుకోను. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అన్నట్టు ఉంటుంది బెంజమిన్ అనే గాడిద ధోరణి. గాలిమర ఉన్నా లేకున్నా బతుకు ఇంతేనంటుంది. వినడానికి అది జ్ఞానంలా ఉంటుంది. కానీ చేయని నేరాలు ఒప్పించి జంతువుల్ని చంపించింది నెపోలియన్ హయాంలోనే. ప్రాణమిచ్చి పనిచేసిన బాక్సర్ అనే గుర్రాన్ని కటికవాడికి అమ్మేసిందీ అప్పుడే. బండి మీది అక్షరాలు చదివి బెంజమిన్ అరిచేసరికి ఆలస్యమైపోయింది. చదవడం దానికి ముందునుంచీ వచ్చు. పాల సంగతి తేలిన రోజునే నోరు విప్పి ఉండొచ్చు.

ఆ పొలంలో ఓటు అందరికీ ఉంది. తీర్మానాలు పెట్టేది మాత్రం పందులే, మిగతావాటికి సొంతంగా ఒక్కటీ తోచదు. గాలిమర మీద ఓటింగ్ జరగాల్సిన ఆ ఆదివారం కుక్కలు రాకుండా ఉంటే నేను స్నోబాల్‌కే వేసేవాణ్ణి. మరుసటి ఆదివారం పాల మీద తీర్మానం పెట్టేవాణ్ణి. పెట్టనిచ్చేవాడా అంటే, నాకు అనుమానమే.