ఒడ్డున నిలిచిన నావ

(చదువవలసిన భాగములు: లూకా 5:1-11, అపొస్తలుల కార్యములు 15:36-41, యోహాను 21:9-19)



గెన్నేసరెతు సరస్సు తీరమున రెండు దోనెలు ఊరక నిలిచియుండగా ప్రభువు వాటిని చూచెనని లూకా వ్రాయుచున్నాడు. జాలరులు దిగి వలలు కడుగుకొనుచుండిరి. రాత్రి అంతయు పాటుపడినను వారికి ఒక్క చేపయైనను చిక్కలేదు. ప్రభువు సీమోను దోనె ఎక్కి, దానిలోనుండి జనులకు బోధించెను. బోధ ముగిసిన పిమ్మట దానిని ఒడ్డున కట్టివేయుమని చెప్పలేదు. లోతైన నీళ్లకు తీసికొనిపొమ్మని సెలవిచ్చెను. మన ప్రభువు దృష్టిలో దోనె స్థానము నీళ్లమీదనే.

ఈ సంగతి ధ్యానించునప్పుడు ఇంగ్లండు దేశపు తెరచాప నావ ఒకదాని చరిత్ర మనకు మంచి పాఠము నేర్పుచున్నది. దాని పేరు జిప్సీ మాత్ ఫోర్. దాని నడిపినవాడు ఫ్రాన్సిస్ చిచెస్టర్ అను ఆయన. ఆయన 1901లో ఒక పాదిరిగారి యింట పుట్టెను. 1958లో ఊపిరితిత్తుల క్యాన్సరు సోకినదని వైద్యులు చెప్పిరి. అయినను ఆయన కోలుకొని, 1960లో అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా దాటు పందెములో మొదటివాడుగా వచ్చెను. 1966 ఆగష్టు 27వ తేదీన, తన 65వ యేట, ఈ నావమీద ప్లిమత్ రేవునుండి ఒంటరిగా లోకము చుట్టి వచ్చుటకు బయలుదేరెను. 107 దినములకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరెను. దారిలో ఆగినది ఆ ఒక్క రేవులోనే. అక్కడనుండి మరల బయలుదేరిన మరునాడే పెద్ద అల తగిలి నావ బోర్లపడెను. అయితే దాని అడుగున సీసపు బరువు ఉన్నందున అది తనంతట తానే లేచి నిలిచెను. 1967 మే 28వ తేదీన ఆయన ప్లిమత్‌కు తిరిగి వచ్చెను. నీళ్లమీద గడిపినవి 226 దినములు. ఆ జూలైలో రాణి ఎలిజబెత్ గ్రీనిచ్ పట్టణములో ఆయనకు సర్ బిరుదు ప్రదానము చేసెను.

మరి ఆ నావకు ఏమి గౌరవము చేసిరి? 1968లో దానిని అదే గ్రీనిచ్‌లో నేలమీద నిలిపి, జనులు చూచుటకు ఉంచిరి. వేలకొలది జనులు వచ్చి దానిపై నడచి, మెచ్చుకొని వెళ్లిరి. ఏండ్లు గడిచెను. వానకు తడిసి, ఎండకు ఎండి, జనుల అడుగులక్రింద నలిగి ఆ నావ పాడైపోయెను. లోపలికి ఎవరిని రానీయక తలుపు వేయవలసి వచ్చెను. మహాసముద్రములను దాటిన నావ ఊరి నడుమ నిలుచుండి కుళ్లిపోవుచుండెను.

ప్రియులారా, ఇందులో మనము గ్రహింపవలసిన సంగతులు నాలుగు కలవు.

మొదటిది, ఆ నావను పాడుచేసినది తుపాను కాదు. బోర్లదోసిన అలకు అది తట్టుకొన్నది. చెక్క పనివారిని అడిగి చూడుడి. సముద్రపు ఉప్పునీరు చెక్కను కొంతవరకు కుళ్లనీయదు. వాననీరే సందులలోనికి దిగి, గాలి ఆడని మూలలలో నిలిచి, కుళ్లు పుట్టించును. ఈ నావ శరీరము మహాగని చెక్కను పలుచని పొరలుగా చేసి, ఒకదానిపై ఒకటి అతికించి కట్టినది. పొరల నడుమ తడి చేరెనా, బలమంతయు పోవును. నావలో మనుష్యులు నివసించుచున్నంతకాలము వారు నీరు తోడుదురు, చెమ్మ తుడుతురు, సందు కనబడగానే మూయుదురు. చూచిపోవువారు ఆ పని చేయరు.

విశ్వాసి సంగతియు ఇట్లే యుండును. శ్రమకాలములో మోకరించినవారు సుఖకాలములో చల్లారిపోవుట మనము చూచుచున్నాము. కలరా వచ్చినప్పుడు ఇంటింటికి తిరిగి రోగులను సేవించిన కుటుంబము ఈనాడు పండుగనాడు మాత్రమే గుడికి వచ్చును. మా తాతగారు ఈ గుడికి రాళ్లు మోసిరని చెప్పుకొందుము. ఆ గుడిలో మనము చేయుచున్న సేవ ఏదియని అడిగినచో గోడమీది శిలాఫలకమును చూపుదుము. పాత సాక్ష్యము మంచిదే. అయితే దానిని చూచుటకు నిలిపిన నావవలె ఉంచినయెడల, మెప్పు పొందుచుండగనే అది లోలోపల పుచ్చిపోవును.

రెండవది, బాగుచేయువాడు రంగుక్రింద చూడవలెను. 2003లో పడవలను గూర్చిన ఒక ఇంగ్లీషు మాసపత్రిక సంపాదకుడు ఈ నావను మరల సముద్రమునకు పంపవలెనని ప్రయత్నము మొదలుపెట్టెను. 2004లో యువజనులకు నావికవిద్య నేర్పు ఒక సంస్థ దానిని కొనెను. వెల ఎంత అనుకొందురు? ఒక పౌను, ఒక గ్లాసు జిన్ను! లోకమంతయు పేరెరిగిన నావకు కుదిరిన బేరము అది. దానిని బండిమీద ఎక్కించి గాస్పోర్టు పట్టణమునకు, 1966లో తన్ను కట్టిన ఆ కార్ఖానాకే మరల చేర్చిరి.

పాత నావను బాగుచేయు వడ్రంగి మొదట రంగు డబ్బా తెరవడు. చిన్న సుత్తి పుచ్చుకొని చెక్కమీద మెల్లగా కొట్టుచు పోవును. మంచి చెక్క గట్టిగా పలుకును. పుచ్చిన చెక్క బొద్దుగా పలుకును. పుచ్చు ఎంతవరకు పాకినదో అంతవరకు తొలిచివేసి, మంచి చెక్క కనబడిన తరువాతనే కొత్త ముక్క అతుకును. పుచ్చుమీద రంగు వేసినయెడల నావ మెరయును గాని, తడి లోపల చిక్కుకొని మరింత వేగముగా కుళ్లును. నోవహు ఓడకు వెలుపల మాత్రమే గాక లోపలను కీలు పూయవలెనని దేవుడు ఆజ్ఞాపించుట గమనింపుడి (ఆదికాండము 6:14). మనుష్యులు చూచు వైపునకు ఎంత శ్రద్ధయో, చూడని వైపునకును అంత శ్రద్ధ కావలెను.

ప్రభువు పేతురును బాగుచేసినది ఈ విధముగనే. సముద్రతీరమున నిప్పులు వేసి, రొట్టెయు చేపయు పెట్టి, ముందు ఆకలి తీర్చెను. ఆ తరువాత ప్రేమను గూర్చి మూడు మారులు అడిగెను. మూడవ మారు అడిగినప్పుడు పేతురు మనస్సు నొచ్చుకొనెను. మూడుమారులు బొంకిన చోటనే ఆ సుత్తి తగిలినది. ప్రభువు నొప్పించుటకు వెరవలేదు. అయితే అన్నము పెట్టకముందు అడుగలేదు. మనము ఒకరిని మందలింపబోవుటకు ముందు ఈ క్రమమును జ్ఞాపకము చేసికొనుట మంచిది.

మూడవది, పాడైన నావ తన్ను తాను బాగుచేసికొనలేదు. ఎవరో ఒకరు చేయి వేయవలెను. తూరు పట్టణమును ఒక సుందరమైన ఓడతో పోల్చినప్పుడు, దాని బీటలు బాగుచేయుటకు గెబలునుండి అనుభవశాలులైన పెద్దలు ఉండిరని యెహెజ్కేలు చెప్పుచున్నాడు (27:9). అంత గొప్ప ఓడకును బీటలు కట్టు పెద్దలు కావలసివచ్చిరి. మన సంఘములో పెద్దలు లెక్క చూచుటకును, కుర్చీలలో కూర్చుండుటకును మాత్రమే ఉన్నారా? బీట ఎక్కడనున్నదో వెదకి పోవు పెద్ద ఎవరు?

మార్కు అను యోహాను మొదటి సేవాప్రయాణములో నడిమిదారిలో విడిచి తిరిగిపోయెను. మరల వెళ్లునప్పుడు వానిని వెంట తీసికొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా మాత్రము వానిని విడువలేదు. వానిని ఇంట కూర్చుండబెట్టి ఓదార్చి ఊరకుండలేదు. వెంటబెట్టుకొని ఓడ యెక్కి కుప్రకు వెళ్లెను. ఏండ్లు గడిచిన తరువాత చెరసాలలోనున్న పౌలే ఆ మార్కును తీసికొని రమ్మని, వాడు తన పరిచర్యకు పనికివచ్చునని వ్రాసెను (2 తిమోతి 4:11). బర్నబా ఆనాడు లెక్క చూచుకొనియుండినయెడల మార్కు వెల ఎంత? ఒక పౌను కూడ పలుకకపోవును.

నాలుగవది, బాగుచేయుట నీళ్లలోనికి దింపుటకే. 2005 జూన్ నెలలో జిప్సీ మాత్ మరల నీళ్లలో దిగెను. ఆ సంవత్సరమే అది రెండవమారు లోకము చుట్టుటకు బయలుదేరెను. ఈసారి ఒంటరి వీరుడు కాదు. కష్టములలో పెరిగిన పడుచువాండ్రును వంతులవారీగా దానిని నడుపుటకు ఎక్కిరి. ఇది గమనింపదగిన మార్పు. మొదట ఒక్కనికి కీర్తి తెచ్చిన నావ, బాగుపడిన పిమ్మట అనేకులకు పాఠశాల ఆయెను.

అయితే 2006 ఏప్రిల్ 29వ తేదీన, పసిఫిక్ మహాసముద్రములోని రంగిరోవా దీవియొద్ద అది పగడపు దిబ్బకు ఎక్కి చిల్లుపడి చిక్కుకొనెను. అందులోనివారు ప్రాణములతో బయటపడిరి. నావను మాత్రము ఆ దిబ్బమీద అలలు మోదుచుండెను. అప్పుడు ఎవరైనను, "నేలమీదనే ఉంచియుంటే ఈ కష్టము రాకపోవునుగదా" అని అనవచ్చును. దాని బాధ్యత వహించినవారు అట్లు తలంపలేదు. చిల్లును తాత్కాలికముగా మూసి, దిబ్బమీదనుండి లాగి, న్యూజీలాండులోని ఆక్లండుకు చేర్చి, రెండవమారు బాగుచేసి మరల పంపిరి. 2007 మే 28వ తేదీన, అనగా చిచెస్టర్ తిరిగి వచ్చిన దినమునకు సరిగా 40 సంవత్సరములకు, అది ప్లిమత్ రేవు చేరెను.

సహోదరులారా, మన సంఘములలో ఈ మాటయే పెద్ద అడ్డము: "వానిని చేర్చుకొంటిమి, మరల పడిపోయిన ఏమి చేయుదుము?" పడిపోవచ్చును. మరల బాగుచేయుదము. ఒడ్డున ఉన్న నావకు పగడపు దిబ్బ భయము లేదు, నిజమే. అయితే ఒడ్డున దానికి కుళ్లు తప్పదు. 1968 మొదలు 2004 వరకు, 36 ఏండ్లు, అది ఏ దిబ్బను తాకలేదు, అయినను నశించుచుండెను.

మీ గ్రామములో అట్టి నావ ఏదో మీకు తెలియును. ఒకప్పుడు ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పిన అన్న, త్రాగుడువలన సిగ్గుపడి ఇప్పుడు గుమ్మము బయట నిలుచుచున్నాడు. స్త్రీల కూటమును నడిపిన అక్క, చందాల విషయమై వచ్చిన మాటపట్టింపువలన నాలుగేండ్లుగా గడప దాటుట లేదు. పట్నము పోయి చెడిపోయెనని పేరు పడిన కుర్రవాడు, తండ్రి పొలములో పని చేయుచు తల యెత్తి చూడడు. వీరిని గూర్చి మనము మాటలాడుకొనుచునే యున్నాము. గ్రీనిచ్‌లో నావను చూచి పోయినవారును మాటలాడుకొనిరి.

కాబట్టి వచ్చు ప్రభురాత్రి భోజన ఆరాధనకు ముందుగా ఇద్దరేసి పెద్దలు ఒక్కొక్క ఇంటికి వెళ్లుడి. పొద్దుగూకిన తరువాత, వారు పనినుండి వచ్చి స్నానము చేసి కూర్చున్న వేళ వెళ్లుడి. వారు పెట్టినది తినుడి. నొచ్చిన సంగతి వారి నోటనే వినుడి. తప్పు వారిదైన మెల్లగా చెప్పుడి, సంఘముదైన ఒప్పుకొనుడి. అంతటితో లేచి రాకుడి. వారికి ఒక పని ఒప్పగింపుడి. పిల్లలకు పాట నేర్పుటగాని, దీపము వెలిగించుటగాని, రోగియొద్దకు తోడు వచ్చుటగాని, ఏదైనను సరే. ప్రభువు పేతురును క్షమించి ఊరకుండలేదు. తన గొఱ్ఱెలను అప్పగించెను. పని ఒప్పగించువరకు క్షమాపణ సగమే చేరినట్లు.

ఈ మాటలు చదువుచు, ఆ ఒడ్డున నిలిచిన నావను నేనే అని తలంచుకొను సహోదరుడా, సహోదరీ, నీవు ఎన్ని ఏండ్లు నిలిచితివో ప్రభువు ఎరుగును. నిన్ను కట్టిన చేతులే నిన్ను బాగుచేయుటకు సిద్ధముగా నున్నవి. ఆయన నీ వెల ఒక పౌను అని ఎంచలేదు. తన ప్రాణమే ఇచ్చెను. ఆయన సుత్తి తగిలినప్పుడు నొప్పి కలిగినను తొలగిపోకుము. నీ కొరకు ఇంకను లోతైన నీళ్లు కలవు, నీతోకూడ ఎక్కవలసిన పిల్లలును కలరు.

ప్రార్థన: సముద్రమును గద్దించి నిమ్మళపరచిన ప్రభువా, మాలో నిలిచిపోయినవారిని లేవనెత్తుము. చూచి పోవువారమైన మాకు చేయి వేయు మనస్సు దయచేయుము. నీవు బాగుచేసినవారిని మేము అనుమానింపక, వారితో కూడ నీ పనికి బయలుదేరునట్లు కృప చూపుము. ఆమేన్.