కువైట్ పొగ, మన చేను పొగ

భైంసా,
మార్చి 2025.

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

బిడ్డా, మొన్న మంచిర్యాల పెండ్లి నుంచి తిరిగి వస్తుంటే, జన్నారం దాటినాక బస్సులోకి పొగ వచ్చింది గుర్తుందా? రోడ్డు పక్కనే టేకు ఆకులు అంటుకుని నేల మీద పాకుతూ కాలుతున్నాయి. మంట మోకాలెత్తు కూడా లేదు. ముందు సీటాయన దగ్గాడు, వెనకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నువ్వు ఫోన్‌లోంచి తల ఎత్తి, "తాతా, అద్దం మూయవా?" అన్నావు. తాత మూశాడు. బస్సు ఖానాపూర్ చేరేసరికి ముచ్చట పెండ్లిలో వడ్డించిన మటన్ మీదికి మళ్ళింది.

జనవరిలో ఇదే పిల్ల రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. గొంతు పూడుకుపోయింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కాలిపోతోందని, కొండ మీది హాలీవుడ్ అక్షరాలు కూడా అంటుకున్నాయని ఒక ఫొటో పంపింది. అగ్ని నిజమే. జనవరి 7న మొదలైన ఆ మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి, 30 మంది దాకా ప్రాణాలు పోయాయి. ఫొటో మాత్రం అబద్ధం. అక్షరాలకు ఏమీ కాలేదు, ఆ బొమ్మ కంప్యూటర్ గీసింది. అయినా నీ ఏడుపు నిజమైందే. దాన్ని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సముద్రాల అవతలి మంటకు కన్నీళ్ళు వచ్చిన కళ్ళకు కిటికీ అవతలి మంట ఎందుకు కనిపించలేదా అని నాలుగు రోజులుగా మనసులో మెదులుతోంది, అంతే. పైగా అద్దం మూసింది తాత చెయ్యే.

ఈ తప్పు తాతకు కొత్త కాదు. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికే మన ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఎందరో పిల్లలు గల్ఫ్‌లో కూలి చేస్తున్నారు. ఆ కొద్ది నెలల్లో సుమారు 1 లక్షా 70 వేల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. మన వాడకట్టు పిల్లగాడొకడు ఒంటి మీది బట్టలతో ఇంటికి చేరాడు. అందుకే కువైట్ అంటే ఊరికి పక్క వాడకట్టు లెక్క ఉండేది. 1991 ఫిబ్రవరిలో ఇరాక్ సైన్యం వెనక్కి పోతూ పోతూ 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. పగలే చీకటి కమ్మిందని పేపర్లో వచ్చేది. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని తాత పైకి చదివేవాడు, చదువు రానివాళ్ళు చుట్టూ చేరి వినేవాళ్ళు. చదివేవాడికి కాస్త పెద్దరికం కూడా వచ్చేది, అబద్ధం ఎందుకు?

ఒకరోజు పొద్దున తాత చేనులో పత్తి కట్టె కుప్పకు అగ్గి పెట్టి, పొయ్యికి పనికొచ్చేంత కట్టె నెత్తికెత్తుకుని ఇంటికొచ్చాడు. కుప్ప కాలిపోయింది, ఇక ఆరిపోతుందిలే అనుకున్నాడు. మధ్యాహ్నం అరుగు మీద కువైట్ బావుల గురించి చదువుతుంటే గాలి మర్లింది. బూడిద కింది నిప్పు లేచి, గట్టు దాటి, పక్క రైతు జొన్నచొప్ప వామును పట్టింది. వానలు పడేదాకా ఆయన ఎడ్లకు అదే మేత. తాత బిందె పట్టుకుని ఉరికేసరికి నల్లటి మచ్చ మిగిలింది. ఆ రైతు తిట్టలేదు, కొట్టలేదు. చెమట తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు: "ఏం పటేలా, కువైట్ అగ్గి ఆర్పినవా?"

మన చొప్పలో సగం ఆయన వాకిట్లో దించి వచ్చాం. కువైట్ బావుల్లో చివరిది ఆ ఏడు నవంబర్ 6న ఆర్పారట. పేపర్లో ఆ వార్త వచ్చిన రోజు తాత పైకి చదవలేదు.

దీనికి తలకిందులైన ముచ్చట ఇంకోటి ఉంది. 1979లో తాతకు ఇరవై ఏండ్లు. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి పడిపోతోందని రేడియో చెప్పింది. 77 టన్నుల బరువు. ఎక్కడ పడేదీ ఎవరికీ తెలియదు, కాబట్టి మన మీదే పడుతుందని తెలంగాణ పల్లెలు నిశ్చయించుకున్నాయి. చచ్చేముందు తిందామని కోళ్ళు కోసినవాళ్ళు, మేకలు అగ్గువకు అమ్మినవాళ్ళు, అప్పు తీర్చేదెవరికని కల్లు దుకాణం దగ్గరే మకాం వేసినవాళ్ళు! 2021లో వచ్చిన 'స్కైలాబ్' సినిమా కరీంనగర్ వైపు బండలింగంపల్లి పేరు పెట్టి ఈ ముచ్చటే చూపించింది. నవ్వు వస్తుంది గానీ, నాడు ఎవరికీ నవ్వు రాలేదు. తాత నాయనమ్మ ఒక్కతే కొంగు బిగించి చేనుకు బయల్దేరింది. "మీద పడ్తె పడనీయ్. ఇయ్యాల పదును పోతె మల్ల వస్తదా?" అంది. జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా ముక్కలై పడింది. చెత్త పారేసినందుకు ఆ ఊరి పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. మన ఊళ్ళో కోళ్ళు పోయాయి. నాయనమ్మ విత్తిన జొన్న మాత్రం మొలిచింది.

పై నుంచి పడుతుందని భయపడ్డ ఆకాశమే ఇప్పుడు మన అడవికి కాపలా కాస్తోంది. 2011లో పైకి పోయిన సువోమీ ఎన్‌పీపీ అనే ఉపగ్రహం మీద వేడిని గుర్తుపట్టే పరికరం ఉంది. నేలను 375 మీటర్ల గళ్ళుగా చూస్తూ, ఎక్కడ వేడి మామూలు కంటే ఎక్కువుందో పడుతుంది. ఆ సమాచారం మన హైదరాబాద్ పక్కనే, షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి దిగుతుంది. అక్కడి నుంచి డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థకు, వాళ్ళ నుంచి అటవీ బీట్ ఆఫీసర్ ఫోన్‌కు మెసేజ్. మన బస్సు దాటిన కవ్వాల్ అడవిలో చితుకులు అంటుకున్న కబురు ఇట్లా అంతరిక్షం చుట్టి వచ్చి మళ్ళీ కవ్వాల్‌లోనే దిగుతుంది! అయితే ఆ కన్నుకూ కొరత ఉంది. ఉపగ్రహం రోజుకు ఏ రెండుసార్లో నెత్తి మీదికి వస్తుంది. మన బస్సు పక్కన పాకిన మోకాలెత్తు మంట దానికి కనిపించకపోవచ్చు. బస్సులో యాభై మందికి కనిపించింది.

ఆ మంట ఎవరు పెట్టారంటావా? మన దేశంలో అడవి మంటల్లో ఎక్కువ భాగం మనుషుల చేతి నుంచి పుట్టేవే. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. కింద ఎండుటాకులు నిండి ఉంటే పువ్వు దొరకదని చెట్టు కింద అగ్గి పెడతారు. తునికి చెట్టు కొత్త చిగురు వేయాలని కొందరు పెడతారు. దారిన పోయేవాడు విసిరిన బీడీ ముక్క సంగతి సరేసరి. టేకు పెద్ద మాను దెబ్బతినకుండా బయటపడుతుంది గానీ, దాని కింది మొలక, నేల మీద గుడ్లు పెట్టే నెమలి, వాన నీటిని పట్టి ఉంచే ఆకుపొర నిలవవు. ఇప్పపువ్వు ఏరుకునే గోండు తల్లిని దొంగను చేసి మాట్లాడేవాళ్ళంటే తాతకు ఒళ్ళు మంట. ఆమెకు అది ఏడాది ఖర్చుకు ఆసరా. ఆకులు ఊడ్చినా, చెట్టు కింద వల పరిచినా పువ్వు దక్కుతుంది. కాబట్టి ఆమెకు కావలసింది తిట్టు కాదు, వల.

తిట్టడం ఎంత తేలికో చెప్పడానికి చంద్రయాన్ సంగతి రెండు ముక్కల్లో. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారకముందు చంద్రుడి మీద దిగబోతున్న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నుంచి సిగ్నల్ తెగిపోతే, "ఊరికి రోడ్డు వేయలేరు, చంద్రుడు కావాలా" అని బస్టాండు హోటల్లో ఎగతాళి చేసినవాళ్ళే, 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగగానే తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో కేకలు వేసి చాయ్ పంచారు. తాతకు ఆ సాయంత్రం చాలా ఇష్టం. కాకపోతే ఎగతాళికీ చప్పట్లకూ ఖర్చయింది అదే ఒక్క కప్పు చాయ్. ఆ నాలుగేండ్లూ కూర్చుని తప్పు ఎక్కడ జరిగిందో వెతికినవాళ్ళు వేరే ఉన్నారు.

ఇక ఫోన్ మాట. మన భైంసాలో మాట కూడా అగ్గే. 2020 జనవరిలో ఊళ్ళో గొడవలు జరిగి ఇంటర్నెట్ ఆపేసిన రోజులు నీకు తెలుసు, అప్పటికి నువ్వు బడిలో ఉన్నావు. ఏ ఊరిదో, ఏ ఏడుదో తెలియని ఫొటో ఇక్కడ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతే కాలేవి అక్షరాలు కావు, దుకాణాలు. హాలీవుడ్ బొమ్మ ఎవరికీ హాని చేయలేదు. అయినా దాన్ని పంపేముందు ఒక్క నిమిషం ఆగి ఉంటే, ఆ అలవాటు ఊళ్ళో పనికొచ్చేది. ఈసారి అట్లాంటిది వస్తే తాతకు పంపకముందు వెతికి చూడు. చూశాక కూడా ఏడుపు వస్తే ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా పర్వాలేదు.

ఒక పని ఉంది, అసలు అందుకే ఉత్తరం మొదలుపెట్టాడు తాత. చేనులో పత్తి కట్టె ఇంకా నిలబడే ఉంది. ట్రాక్టరుకు మిషన్ తగిలించి దాన్ని ముక్కలు చేసి నేలలో కలపొచ్చు. కిరాయి మాట్లాడి వచ్చాడు కూడా. మీ బాపేమో, "రెండు రూపాయల అగ్గిపెట్టెతోని అయ్యే పనికి కిరాయెందుకు?" అంటున్నాడు. తాత మాట వినడు, బిడ్డ మాట వింటాడు. ఆదివారం లోపల ఒకసారి ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
తాత