ఈల

డ్యూన్ రెండో భాగం నేను చూసింది ప్రసాద్స్‌లో, 2024 మార్చిలో, విడుదలైన మొదటి వారంలోనే. ఐమాక్స్ లేని ఈ ఊళ్లో ఉన్నంతలో పెద్ద తెర అదే కాబట్టి. 166 నిమిషాల సినిమా. చివరికొస్తుండగా పాల్ దక్షిణాది తెగల పెద్దల సభలోకి నడిచొచ్చి, మీరు ఎదురుచూస్తున్నవాణ్ణి నేనే అని ప్రకటించుకుంటాడు. హాల్లో ఈలలు. వాటిలో ఒకటి నాది.

వేశాక గానీ తట్టలేదు, అది భయపడాల్సిన చోటని. తన పేరు మీద యుద్ధం జరుగుతుందనీ, లెక్కలేనంత మంది చస్తారనీ పాల్‌కి ముందే తెలుసు. సగం సినిమా దాన్నించి తప్పించుకు తిరుగుతాడు. ఈ సీనులో ఒప్పేసుకుంటాడు. అంటే ఇది గెలుపు కాదు, పతనం. అర్థం కాదేమోనని డైరెక్టర్ విల్నవ్ ఆ గుంపులో చానీ మొహం కూడా చూపిస్తాడు. పైగా బీటెక్‌లోనే నవల చదివాను. అన్నీ తెలిసే వేళ్లు నోట్లోకి వెళ్లాయి.

ఇలాంటి పాఠకుడు హెర్బర్ట్‌కీ కొత్త కాదు. 1965లో నవల వస్తే చాలామంది పాల్‌ని మామూలు హీరోగానే నెత్తిన పెట్టుకున్నారు. 1969లో 'డ్యూన్ మెసయ్య' రాసి, ఆ హీరోయిజానికి ఎంత ఖర్చయిందో చూపించాడు. విల్నవ్ ఇంకో అడుగు వేశాడు. నవల చివర పాల్ పక్కనే ఉండే చానీని, సినిమాలో మోకరిల్లకుండా బయటికి నడిపించాడు. ఇద్దరూ ఇంత హెచ్చరించినా నేను ఈలే వేశాను. హాన్స్ జిమ్మర్ మీదికి తోసేయొచ్చు. ఆ సౌండుకి ఎవడైనా వేస్తాడు. కానీ అది పూర్తి నిజం కాదు.

నన్ను పట్టేసింది స్టిల్గర్. నేను ఆ దేవుణ్ణి కాదు మొర్రో అని పాల్ అంటే, చూశారా ఎంత వినయమో, ఇదే రుజువు అంటాడు. హాలంతా నవ్వింది. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను, ఆ లాజిక్ నాకు కంఠతా వచ్చు కాబట్టి. మా హీరో సినిమా ఆడితే మేం ముందే చెప్పాం, ఆడకపోతే జనానికి అర్థం కాలేదు. ఇది నాయకుడి ప్రమాదం గురించిన కథ అంటారు గానీ, పాల్‌ని తయారుచేసేది స్టిల్గర్ లాంటి వాళ్లు కూడా. అలాగని అతన్ని వెక్కిరించలేను. అశోక్‌నగర్‌లో ఉండేవాడికి ఎదురుచూపంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. సెంట్రల్ లైబ్రరీ చుట్టూ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు కూర్చునే వాళ్లని రోజూ చూస్తాను. అంత దాహంలో ఎవరొచ్చి నేనున్నానన్నా నమ్మబుద్ధవుతుంది.

నాకు మాత్రం అంత దాహం కూడా లేదు. నేను నారాయణగూడలో పెరిగాను. సంధ్య, సుదర్శన్, దేవి అన్నీ నడిచెళ్లే దూరం. 2009లో ఒక పెద్ద సినిమా మొదటి రోజు, క్రాస్ రోడ్స్‌లోని ఒక థియేటర్ గేటు తెరిచారు. అందరితో పాటు పరిగెత్తాను. చెప్పు కింద మెత్తగా ఏదో తగిలింది. చెయ్యి. ఎవరో అరిచారు. నేను ఆగలేదు. నాలుగు టికెట్లు దొరికాయి. ఆ రోజు ఎలా దూరి టికెట్లు సాధించానో కాలేజీలోనూ ఆఫీసులోనూ ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు. చెయ్యి సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర, 'పుష్ప 2' ప్రీమియర్‌కి హీరో వచ్చినప్పుడు తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. చిక్కడపల్లి పోలీసులు కేసు పెట్టారు. మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకడు తప్పు హీరోదన్నాడు, ఒకడు థియేటర్‌దన్నాడు, ఇంకొకడు పోలీసులదన్నాడు. ఎవరిదెంతో తేల్చాల్సింది కోర్టు. నేను చూస్తున్నది ఇంకోటి. "జనం తోసుకున్నారు" అని అందరూ రాశారు. వ్యాకరణం ప్రకారం జనం అక్కడ కర్తే. కానీ ఆ జనంలో నేనున్నానని అనేవాడు ఒక్కడూ ఉండడు.

నా ఉద్యోగం నేర్పిన జవాబు ఒకటుంది. సర్వర్ పడిపోతే ఏ ఒక్క రిక్వెస్ట్‌నీ తప్పుపట్టం. తట్టుకునేలా కట్టలేదు, లోపలికి వదిలే వేగాన్ని అదుపు చేయలేదు అని రాసుకుంటాం. గేట్లకీ ఇదే సూత్రం. ఇంకోసారి జరక్కుండా చూడాలంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలీదు. డెరెక్ పార్ఫిట్ మాత్రం 1984లో రాసిన 'రీజన్స్ అండ్ పర్సన్స్' అనే పుస్తకంలో ఒక ఇబ్బందికరమైన లెక్క వేశాడు. వెయ్యిమంది తలా ఒక మీట నొక్కుతారు. ఒక్క మీటకి ఎదుటివాడి నొప్పి పెరిగేది పోల్చుకోలేనంత తక్కువ. వెయ్యీ కలిస్తే చిత్రహింస. నా వాటా ఏమంత అని ఎవడికి వాడు తప్పించుకోలేడు అంటాడు పార్ఫిట్. సరే, అక్కడ మీట నొక్కేవాడికి తన ఒక్కడి వల్ల పెరిగిన నొప్పి కనపడదు. నాకు చెప్పు కింద తెలిసింది. రిక్వెస్ట్‌కి కాళ్లుండవు.

ఇంతకీ చానీ మోకరిల్లకపోతే ఏమైంది? ఏమీ కాలేదు. ఓడలు బయల్దేరాయి, యుద్ధం మొదలైంది. ఆమె ఒక్కతే ఇసుకలో పురుగు కోసం నిలబడింది. ఫలితం లెక్కేస్తే సున్నా. ఆ రోజు నేనాగినా వెనకవాడు ఎక్కేవాడేమో ఆ చెయ్యి మీద, లేదా నన్నే తొక్కేవాడేమో. ఈ వాదనని చాలాసార్లు తిప్పి చూశాను. ఎక్కడా తప్పు దొరకదు. అలాగని మనసుకీ ఎక్కదు.

మొన్న మా అక్క కొడుకు కొత్త సినిమాకి మొదటి రోజే పోదామని పేచీ పెట్టాడు. వాడికి తొమ్మిదేళ్లు. నాలుగో రోజు మ్యాట్నీకి తీసుకెళ్లాను. తలుపు పక్క సీట్లు చూసి మరీ బుక్ చేశాను. హీరో ఎంట్రీకి ముందు వరసల్లోంచి కాగితాలు ఎగిరాయి. వీడు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మామా, నీకొస్తదా? ఎట్ల కొడ్తరు?"

నాలుక కొద్దిగా మడవాలని చెప్పాను. వాడికి రాలేదు. మళ్లీ అడిగాడు. వేసి చూపించాను.