శ్రీశైలానికి ఏ దిక్కున?

తెలుగువాడు పూజకు కూర్చుంటే సంకల్పంలో కోరిక చెప్పుకోకముందే తన చిరునామా చెప్పుకుంటాడు. జంబూద్వీపంతో ఎత్తుకుంటాడు. భరతవర్షం, భరతఖండం దాటి, మేరువుకు దక్షిణంగా దిగివచ్చి చివరికి శ్రీశైలం దగ్గర ఆగి, తానున్న చోటు ఆ కొండకు ఏ దిక్కున ఉందో చెప్తాడు. ఆ తర్వాతే సంవత్సరం, మాసం, తిథి, వారం, గోత్రం. నంద్యాల జిల్లా నందికొట్కూరు మనిషికి ఇందులో తడబాటేమీ ఉండదు. కొండ తూర్పున ఉంది, ఊరు పడమట ఉంది. తాత చెప్పిందే తండ్రి చెప్పాడు, తండ్రి చెప్పిందే తానూ చెప్తాడు.

మరి ఓడలో కూర్చుంటే?

ఇది తమాషాకి అడిగే ప్రశ్న కాదు. 2022 జూన్ 8న ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ విశాఖ రేవులో ఆగింది. 1990లో వేరే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టి, అమెరికా వైపు చాలా ఏళ్లు తిరిగి, చివరికి కార్డేలియా కంపెనీ చేతికొచ్చిన ఓడ అది. అప్పటిదాకా క్రూయిజ్ అంటే సినిమాల్లో చూసే సంగతి. ఇప్పుడు రైలెక్కి విశాఖకో చెన్నైకో పోతే సరిపోయే సంగతి అయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. సముద్రానికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరాన, పత్తి, మిరప, శనగ మాటలే తప్ప రేవు మాట వినపడని సీమ ఊళ్లవాళ్లకు కూడా డెక్కు, కేబిన్ లాంటి మాటలు అలవాటయ్యాయి.

తొలిసారి ఓడెక్కిన పెద్దవాళ్ల ముచ్చట్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పెట్టెలో అడుగున పెట్టుకున్న అగరొత్తులు, కర్పూరం, దీపపు కుంది కేబిన్లో పనికిరావు. క్రూయిజ్ ఓడల్లో గదిలో నిప్పు వెలిగించడం నిషేధం. దేవుడికి బ్యాటరీ దీపంతో సరిపెట్టాలి. భోజనశాలకు పోయే దారిలో కాసినో ఉంటుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాడి ముందు అర్ధరాత్రి కూడా బఫే పరిచే ఉంటుంది. ఉగ్గాని, బజ్జీ మాత్రం కనపడవు. ఉదయం కుడివైపు బాల్కనీలోకి వచ్చిన ఎండ, ఓడ తిరిగితే ఎడమవైపుకు పోతుంది. సూర్యుడికి అర్ఘ్యం ఇద్దామని బయటికొచ్చినవాడు ఓడ అటు చివరిదాకా నడవాలి. ఇంతకీ అర్ఘ్యానికి పట్టిన కొళాయి నీళ్లేమిటి? పెద్ద ఓడల్లో చాలావరకు సముద్రపు నీటినే ఉప్పు తీసి వాడతారు. సముద్రాన్ని పర్వదినాన తప్ప ముట్టుకోకూడదని, రావిచెట్టును శనివారం తప్ప తాకకూడదని ఇంట్లో పెద్దలు చెప్పిన మాట. ఓడలో పొద్దున్నే పళ్లు తోముకున్నవాడు ఆ మాట తప్పినట్టా, కాదా?

కలశంలో నీళ్లు పోసి ఏడు నదులను పిలిచే ఆచారం దీనికి సగం జవాబు చెప్తుంది. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. పిలిస్తే ఏ నీళ్లలోకైనా ఆ నదులు వస్తాయన్నది నమ్మకం. ఎక్కడి నీళ్లన్నది అక్కడ లెక్కకు రాదు, పిలవడమే లెక్క. (ఆ ఏడింటిలో కృష్ణ లేదని కర్నూలు, నంద్యాల జిల్లాల వాళ్లు ఎప్పుడో ఒకసారి గమనించే ఉంటారు.) చిక్కంతా చోటు చెప్పాల్సి వచ్చినప్పుడే. చెన్నైలో ఓడెక్కినవాడు శ్రీశైలానికి ఆగ్నేయంలో ఉంటాడు. ఓడ విశాఖ చేరేసరికి తూర్పు దాటి ఈశాన్యం వైపు ఒరుగుతుంది. పడుకున్నప్పుడు ఒక దిక్కు, లేచేసరికి మరో దిక్కు. ఇక కృష్ణా గోదావరుల మధ్యనో, కృష్ణా కావేరుల మధ్యనో అని చెప్పుకోవడానికి చుట్టూ నది లేదు, గట్టు లేదు.

అసలు సముద్రం మీదికి పోవచ్చా అన్నది ఇంతకన్నా పాత ప్రశ్న. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో లెక్కకట్టి ప్రాయశ్చిత్తం కూడా చెప్పింది. మూడేళ్లపాటు నాలుగు పూటలకొకసారి మితంగా తినాలి, మూడు వేళలా స్నానం చేయాలి, పగలు నిలబడాలి, రాత్రి కూర్చోవాలి. మూడు రోజుల టూరుకు మూడేళ్ల శిక్ష! అయితే అదే గ్రంథం మొదట్లో ఇంకో పట్టిక ఉంది. ఉత్తరాదివాళ్ల వింత ఆచారాలని చెప్తూ అందులో సముద్రయానాన్ని చేర్చాడు బౌధాయనుడు. దాని పక్కనే దక్షిణాదివాళ్ల వింతలు చెప్తూ మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటాన్ని చేర్చాడు. ఎవరి ఆచారం వారి దేశంలో చెల్లుతుంది, ఇంకో దేశంలో దోషం అన్నది అక్కడ వచ్చే వాదం. ఆ వాదాన్ని గౌతముడు ఒప్పుకోలేదని కూడా అక్కడే ఉంది. ఏదేమైనా, మేనరికాలు చేసుకుని హాయిగా పిల్లాపాపలతో ఉన్న సీమ కుటుంబం ఓడ దగ్గరికొచ్చేసరికి శాస్త్రం వెతకడంలో కొంచెం హాస్యం లేకపోలేదు. పట్టికలో ఒక సగం మీద తరతరాలుగా సంసారాలు నడిపినవాళ్లు రెండో సగానికి భయపడటం ఎందుకు?

భయపడనివాళ్లూ ఎప్పుడూ ఉన్నారు. శాతవాహన యజ్ఞశ్రీ నాణేల మీద ఓడ బొమ్మ ఉంది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయమిస్తూ 13వ శతాబ్దంలో శాసనం వేయించాడు. కోరంగి రేవు నుంచి బర్మా పోయిన తెలుగువాళ్లను అక్కడ రేవు పేరుతోనే పిలిచేవారు. వాళ్లెవరూ మూడేళ్లు పగలు నిలబడి, రాత్రి కూర్చుని ఉండరు.

నందికొట్కూరులోనే మరో వీధిలో సముద్రయానం దోషం కాదు, స్తోమత ఉన్నవాడికి విధి. హజ్. విమానాలు అందరికీ అందకముందు సీమ ముసల్మానులు బొంబాయి చేరి అక్కడ ఓడెక్కి జెద్దా పోయేవారు. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి, ఆ చివరి ఓడ పేరు అక్బరీ. తొలి ఓడ ప్రయాణం అన్న మాటకు ఈ ప్రాంతంలో అసలైన అర్థం అదే. సరదా కోసం కాదు, చాలామందికి జీవితంలో ఒక్కసారే చేసే ప్రయాణం. కదిలే నేల మీద ప్రార్థన ఎలా అన్న ప్రశ్నను ఇస్లామీయ న్యాయశాస్త్రం వందల ఏళ్ల కిందటే నేరుగా పట్టించుకుంది. ఓడ తిరిగితే నమాజు చేసేవాడు కూడా కిబ్లా వైపు, అంటే కాబా ఉన్న దిక్కుకు తిరగాలి. నడుస్తున్న ఓడలో కారణం లేకపోయినా కూర్చుని నమాజు చేయవచ్చని ఇమాం అబూ హనీఫా అన్నాడు, నిలబడగలిగితే నిలబడాల్సిందేనని ఆయన శిష్యులు అన్నారు. ఇంకా ముచ్చటైనది యలమ్‌లమ్ సంగతి. ఈ వైపు నుంచి పోయే హాజీలు ఇహ్రాం బట్టలు కట్టాల్సిన హద్దు ఒక కొండ. ఆ కొండేమో గట్టు మీద, హాజీలేమో నీళ్ల మీద. ఓడ ఆ కొండకు సమంగా వచ్చిన చోటునే హద్దుగా ఎంచి, నడిసముద్రంలో ఇహ్రాం కట్టేవారు. కంటికి కనపడని కొండకు తామెక్కడున్నామో లెక్కగట్టుకోవడం శ్రీశైలం సంకల్పం చెప్పుకునేవాడికి తెలియని విద్యేమీ కాదు.

2007లో మలేసియా వ్యోమగామి షేక్ ముజఫర్ అంతరిక్ష కేంద్రానికి పోయినప్పుడు ఈ తర్కం ఇంకో మెట్టు ఎక్కింది. రోజుకు దాదాపు పదహారు సార్లు భూమిని చుట్టేవాడికి అయిదు పూటలంటే ఏమిటి, కాబా ఏ వైపు? మలేసియా మతపెద్దలు ఆలోచించి మెట్లు మెట్లుగా జవాబిచ్చారు. వీలైతే కాబా వైపు. కాకుంటే ఆకాశంలో దాని పైభాగం వైపు. అదీ కాకుంటే భూమి వైపు. ఏదీ కుదరకపోతే ఎటైనా సరే. పూటలకేమో రాకెట్ బయల్దేరిన ఊరి గడియారమే ఆధారం. అమెరికాలో తెలుగు పురోహితులు చేసిందీ ఇలాంటి పనే. జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని మొదలుపెట్టి, అక్కడి నదుల పేర్లు కలుపుకుని సంకల్పం నడిపిస్తున్నారు. దీన్ని రాజీ అని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. ఆ వెక్కిరింతకు బలం లేదు. పుట్టిన ఊరు కదలనివాడికి తానెక్కడున్నాడో రోజూ చెప్పుకోవాల్సిన అవసరమేముంది? చోటు మారే మనిషి కోసమే ఆ వాక్యంలో దిక్కు దగ్గర ఖాళీ వదిలారు. ఓడలోనివాడు ఆ ఖాళీని నిజాయితీగా నింపితే, తాత చెప్పిందే పొల్లు పోకుండా అప్పగించే ఇంటిపట్టు మనిషి కన్నా సంకల్పాన్ని బాగా అర్థం చేసుకున్నట్టే. చాలా క్రూయిజ్ ఓడల్లో కేబిన్ టీవీలో ఓడ ఎక్కడుందో మ్యాపు చూపిస్తూనే ఉంటారు. శ్రీశైలం ఏ దిక్కో తెలుసుకోవడం అరనిమిషం పని.

మనిషి సంగతి అలా ఉంచితే, దేవుడి చిరునామా మారితే ఏమిటన్నది నందికొట్కూరు ప్రాంతానికి మరింత దగ్గరి ప్రశ్న. ఊరికి ఈశాన్యంగా కొత్తపల్లె మండలంలో కృష్ణ ఒడ్డున సంగమేశ్వరం ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. ఇక్కడా ఏడు నదులే, ఈసారి కృష్ణ ఉంది. వీటిలో భవనాశి ఒక్కటే మగనది అంటారు. గర్భగుడిలో ఉన్నది వేపమొద్దు లింగం, ధర్మరాజు ప్రతిష్ఠ అని స్థలపురాణం. శ్రీశైలం డ్యాం కట్టాక 1980ల మొదట్లో గుడి నీట మునిగింది. వందకు పైగా ఊళ్లతో పాటే మునిగింది. రెండు దశాబ్దాలు ఎవరికీ కనపడలేదు. 2003లో జలాశయం బాగా అడుగంటినప్పుడు మళ్లీ బయటపడింది. అప్పటి నుంచి చాలా ఏళ్లుగా ఎండాకాలం ముందు తేలడం, వరద రాగానే మునగడం జరుగుతోంది. ఇప్పుడు ఆ దేవుడి దర్శన వేళలను జలాశయంలో ఎన్ని అడుగుల నీళ్లున్నాయన్నదే నిర్ణయిస్తుంది.

ముంపు వచ్చినప్పుడు మిగతా సంగమేశ్వరులను తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు చేరింది. గుడిని కదిలించాల్సి వస్తే ఆగమం చెప్పే పద్ధతి కళాకర్షణ. విగ్రహంలోని శక్తిని మంత్రంతో నీటి కలశంలోకి తీసుకుని, కొత్త చోట మళ్లీ ప్రతిష్ఠిస్తారు. అంటే తరలివెళ్లిన దేవుడు కూడా దారిపొడుగునా నీళ్లలోనే ఉన్నాడు. వేపలింగం మాత్రం తన చోటు వదల్లేదు. నీళ్లే దాని దగ్గరికి వచ్చాయి. కంచిలో అత్తి వరదరాజస్వామిని కోనేటి అడుగున ఉంచి నలభై ఏళ్లకోసారి పైకి తెస్తారు. 1979 తర్వాత 2019లో తెచ్చినప్పుడు రాయలసీమ నుంచీ జనం పోటెత్తారు. అక్కడ నీటివాసం ఏర్పాటు చేసుకున్న వ్రతం, ఇక్కడ ఇంజినీర్లు తెచ్చిపెట్టిన వాసం. భక్తుడికి ఆ తేడా పట్టదు. తేడా పట్టేది నిర్వాసితుడికి. దేవుడు ఏటా తేలుతున్నాడు, అతని పొలం నీళ్లు తీసినప్పుడు తేలినా మళ్లీ ఊరు కాదు. సంగమేశ్వరం మహిమ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చప్పున దాటేస్తారు.

ఇప్పుడు ఈ నీళ్ల మీద కూడా విహారం వచ్చింది. అవతలి గట్టున సోమశిల నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక శాఖ 2024 చివర్లో లాంచీ నడపడం మొదలుపెట్టింది. దాదాపు ఏడు గంటల ప్రయాణం. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి శ్రీశైలం చూసుకుని ఈ ప్రాంతంలోనే కృష్ణ దాటి హైదరాబాదు వైపు పోయాడు. ఆయనకు నది దాటాల్సిన అడ్డంకి, లాంచీలోవాడికి నదే చూడాల్సిన వింత. ఎవరి యాత్ర గొప్పదని తూకం వేయబోతే ఎటూ తేలదు. లాంచీ దిగి మల్లన్నకు మొక్కుకునేవాడు పర్యాటకుడో యాత్రికుడో టికెట్ చూసి చెప్పలేం.

తేల్చదగిన ప్రశ్న ఒకటుంది. గుడి మునిగి ఉన్నప్పుడు పడవ దాని మీదుగా పోతే, చెప్పులేసుకున్న కాళ్లు దేవుడి నెత్తిన ఉన్నట్టు కాదా? సంగమేశ్వరం పూజారి వరద పెరిగేకొద్దీ పూజను పైకి జరుపుకుంటూ పోయి, చివరికి పడవలో వచ్చి శిఖరానికే హారతి ఇస్తారు. కుంభాభిషేకంలోనూ పూజారులు గుడి విమానం ఎక్కి శిఖరం మీద నీళ్లు పోస్తారు, అప్పుడూ మూలవిరాట్టు వాళ్ల కాళ్ల కిందే ఉంటాడు. కాబట్టి ఎత్తు దోషం కాదని ఆచారమే ఒప్పుకుంటోంది. తోలుచెప్పులు మాత్రం సీటు కింద పెట్టేస్తే నష్టమేమీ లేదు. లైఫ్ జాకెట్ విషయంలో ఆ మర్యాద పనికిరాదు. ఫోటో బాగా రావాలనో, ఉక్కపోస్తోందనో దాన్ని విప్పేవాళ్లు ప్రతి పడవలో ఉంటారు. ఇదే కృష్ణలో నెహ్రూనగర్ దగ్గర 2007 జనవరిలో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు.